చెరువు కింద ఊళ్లో రెండు రోజులు: రామప్పా, లక్నవరమా, పాకాలా?

ఇద్దరు పిల్లల అమ్మ అడిగారు:

అందరికీ నమస్తే. మేము హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉంటాం. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఆరు. మా అత్తమ్మ కూడా వస్తారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. డిసెంబర్‌లో ఒక శని, ఆదివారాలు వరంగల్ వైపు చెరువు ఉన్న ఊళ్లో గడపాలని అనుకుంటున్నాం. రిసార్టు వద్దు. పిల్లలు నాట్లు, చేపల వేట, కట్టెల పొయ్యి మీద వంట దగ్గరుండి చూడాలి. రామప్ప, లక్నవరం, పాకాల మూడింట్లో ఏది మేలు? శనివారం మధ్యాహ్నం చేరి ఆదివారం సాయంత్రం బయల్దేరితే సరిపోతుందా? కారులో వస్తాం.

కానుగచెట్టు నీడ:

అక్కా, ముందు మీ రెండో ప్రశ్న. సరిపోదు. చెరువు కింద ఊరికి రెండే పూటలు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా ఒకటి, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఇంకొకటి. వలలు తీయడం, పాలు పిండడం, నారు పీకడం మొదటి పూట. గొర్లు, బర్లు ఇంటికి మళ్లడం, మళ్లీ వలలు కట్టడం రెండో పూట. మీరు శనివారం ఒంటిగంటకు దిగితే మీకు దొరికే పొద్దు ఒక్కటే, అది ఆదివారం. ఆ రోజు పాప లేవకపోతే అదీ పోయింది. శుక్రవారం రాత్రికే చేరండి. సెలవు దొరక్కపోతే శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి, తొమ్మిదింటికల్లా ఊళ్లో ఉంటారు. ఆ పొద్దుటి పూట పోయినా పగలంతా చేతిలో ఉంటుంది.

ఇక ఏ చెరువు అంటే, మీరు అడిగినవాటికి రామప్ప. లక్నవరం అందమైందే. వేలాడే వంతెన, చెరువు మధ్య దీవులు, పడవలు అన్నీ ఉన్నాయి. కానీ గట్టు మీద ఉండేది అడవి, పర్యాటకులు. ఊరి బతుకు చూడాలంటే కిందికి కారేసుకుని పోవాలి. పాకాల కూడా అభయారణ్యంలో ఉంది. పక్షుల కోసం పోయేవాళ్లకు దాన్ని మించింది లేదు, చిన్న పిల్లలతో ఊరి కోసమైతే కాదు. రామప్పలో పాలంపేట ఊరు, గుడి, పొలాలు, చెరువు కట్ట అన్నీ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపలే. అత్తమ్మ గారిని కారు దగ్గర కూర్చోబెట్టి మీరు పొలం గట్టు మీదికి పోయినా కంటికి కనపడుతూనే ఉంటారు.

దారి సులువే. భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి గుడి పది కిలోమీటర్ల లోపు. పెట్రోలు, నగదు, మందులు ములుగులోనే చూసుకోండి. బస్సులో వచ్చేవాళ్లు హనుమకొండలో ములుగు, ఏటూరునాగారం వైపు బస్సెక్కి అదే క్రాస్ దగ్గర దిగి ఆటో పట్టుకోవాలి. చీకటి పడ్డాక ఆటోలు దొరకడం కష్టం.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ వారం, దాని ముందు రెండు వారాంతాలు ఈ రోడ్డు మీదికి రాకండి. జాతరకు ముందే మొక్కులు చెల్లించుకునేవాళ్లతో ములుగు దాకా బండ్లు ఆగిపోతాయి.

నారుమడి:

పైన చెప్పిందంతా సరే గానీ, డిసెంబర్ మొదట్లో వస్తే నాట్లు కనపడవు. వానాకాలం వరి కోతలు అప్పటికి అయిపోతాయి, యాసంగికి, అంటే చలికాలపు పంటకు, నారు పోసి ఉంటారు. నాట్లే చూడాలంటే డిసెంబర్ చివరి వారం నుంచి జనవరి నడిమి దాకా రండి. సంక్రాంతికి ముందు వారమైతే ఇంటింటా సకినాలు పోస్తుంటారు, అది ఇంకో లాభం. పండుగ మూడు రోజులు మాత్రం వద్దు, ఎవరింట్లో వాళ్లకు చుట్టాలుంటారు.

డిసెంబర్ తప్పదనుకుంటే నారుమడి దగ్గరికి తీసుకెళ్లండి. చలికి నారు ఎదగదు, ఆకు కొనలు ఎర్రబడి ఎండుతాయి. అందుకని సాయంత్రం మడి మీద పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున తీసేస్తారు. రాత్రంతా చల్లబడిన నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు పెడతారు. పట్టా లాగేటప్పుడు లోపలి వైపు ముత్యాల్లా నీటి బొట్లు నిండి ఉంటాయి, లేత నారు వాసన గుప్పున కొడుతుంది. పిల్లలకు అది చూపించండి.

నాట్ల సమయానికి వస్తే బాబు చేయి పెట్టొచ్చు, కానీ ఒక పద్ధతి ఉంది. నారు కట్టను ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేతి బొటనవేలు, రెండు వేళ్లతో రెండు మూడు మొక్కలు విడదీయాలి. వేరు వైపు పట్టుకుని నిటారుగా బురదలో గుచ్చాలి. లోతు రెండు, మూడు సెంటీమీటర్లే. కొత్తవాళ్లు చేసే తప్పు మణికట్టు దాకా దించడం. అలా దిగిన మొక్క పిలకలు తక్కువ వేస్తుంది, కుదురు, అంటే ఒక చోట గుచ్చిన మొక్కల గుంపు, పలచబడుతుంది. మరీ పైపైన పెడితే నీళ్లు పెట్టగానే తేలిపోతుంది. యాసంగిలో చదరపు మీటరుకు 44 కుదుళ్లు ఉండాలంటారు, అంటే కుదురుకూ కుదురుకూ మధ్య 15 సెంటీమీటర్లు. జానెడు కంటే కొంచెం తక్కువ. నాటుతూ వెనక్కి జరగాలి, ముందుకు నడిస్తే నాటింది తొక్కినట్టే. ప్రతి రెండు మీటర్లకు జానెడు కాలిబాట వదులుతారు, గాలి ఆడటానికి, మందు కొట్టేవాళ్లు నడవడానికి. పిల్లల్ని ఆ బాటలోనే నిలబెట్టండి.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్పాలి. నాటు వేసే ఆడవాళ్లు చాలా చోట్ల ఎకరానికి ఇంత అని గుత్తకు పట్టి వస్తారు. మీ ఫోటోల కోసం వాళ్లు అరగంట ఆగితే ఆ అరగంట వాళ్లదే పోతుంది. ముందు రోజే రైతును అడిగి ఒక మూల రెండు సాళ్లు తీసుకోండి. ముఖాల ఫోటోలు తీసేముందు అడగండి. వాళ్లకు చాయ, బిస్కెట్లు పట్టుకెళ్తే అందరికీ బాగుంటుంది.

బురదలోకి చెప్పులతో దిగొద్దు, తెగి లోపలే ఉండిపోతాయి. జలగ పట్టుకుంటే లాగకండి. గోరును దాని నోటి దగ్గర చర్మానికి ఆనించి పక్కకు జరిపితే వదిలేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగితే చాలు, నెత్తురు కాసేపు కారినా భయం లేదు.

విసురువల:

చేపల సంగతి నేను చెప్త. వలలు పొద్దు గూకేముందు కడతరు, తెల్లారకముందే తీస్తరు. మీరు ఐదున్నరకల్లా కట్ట మీద ఉంటే ఒడ్డుకు వచ్చేటోళ్లను చూడొచ్చు. ఏడు దాటితే చేప అమ్ముడుపోయి ఉంటది. రవ్వ, బొచ్చె, బంగారుతీగ ఎక్కువ పడతయి. కొర్రమీను దొరికితే ధర ఎక్కువే, ముల్లు తక్కువ గాబట్టి పిల్లలకు అదే మంచిది.

చాలామంది థర్మకోల్ తెప్పల మీద పోతరు. అది ఒక్క మనిషి కూసునే తెప్ప, అలవాటు ఉన్నోళ్లకే నిలబడుతది. పైసలు ఇస్తం, పిల్లగాణ్ని ఒక్క రౌండు తిప్పమని అడగొద్దు. బోటు కావాల్నంటే పర్యాటక శాఖ బోటే ఎక్కుండ్రి, లైఫ్ జాకెట్ బకిల్ పెట్టినంకనే కదలనియ్యండి. పాపకు పెద్దోళ్ల జాకెట్ వేస్తే నీళ్లల్ల పడ్డప్పుడు మెడ మీదికి ఎగిరి వస్తది, చిన్న సైజు లేదంటే ఆమెను ఎక్కించొద్దు.

గాలం వేస్తమంటే ముందుగాల మత్స్యకార సంఘపోళ్లను అడగాలె. చెరువుల చేపపిల్లలు వదిలింది, కావలి కాసేది వాళ్లు. హక్కు వాళ్లది. అడిగితే కాదనరు. బాబు కోసం సన్న గాలం, ఎర్ర (వానపాము) లేకుంటే గోధుమపిండి ముద్ద చాలు. పిండి మెత్తగైతే నీళ్లల్ల పడంగనే కరుగుతది, పసుపు వేసి గట్టిగ పిసకాలె. చిన్న చేప పడితే వదిలిపెట్టుండ్రి.

పొలాలకు నీళ్లు వదిలే తూము దగ్గర మాత్రం ఎవ్వరూ దిగొద్దు. పైన నీళ్లు నిలకడగ కనపడతయి, లోపల గుంజుతది. కట్టకు పేర్చిన రాళ్ల మీద నీటి గీత కాడ పాకురు ఉంటది, ఆరితేరిన ఈతగాడు సుత జారుతడు. చెరువు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి గట్టిగ కనపడ్డా నమ్మొద్దు, పైన పెచ్చు ఎండి లోపల మోకాలు లోతు ఒండ్రు ఉంటది. వానకాలం వచ్చేటోళ్లు, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే కట్టడం) దుంకుతుంటే దూరంకెళ్లి చూడుండ్రి, దాటొద్దు.

ఇద్దరు పిల్లల అమ్మ:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. జనవరి రెండో వారానికి మార్చుకుంటాం. ఊళ్లో ఒకరింట్లో గది ఇస్తామన్నారు. ఫోన్‌లో ఏమేం అడగాలి? అత్తమ్మకు టాయిలెట్‌దే బెంగ. ఇంకోటి, చేప కొంటే పులుసు మేమే వండుకోవచ్చా? కట్టెల పొయ్యి మీద నాకు అలవాటు లేదు.

కానుగచెట్టు నీడ:

టాయిలెట్ ఎలాంటిదని అడిగితే "మంచిగనే ఉంటది" అంటారు. ఫోటో పంపమనండి. కూర్చునేది కాకపోతే మడిచే కమోడ్ కుర్చీ ఒకటి మందుల షాపులో కొని డిక్కీలో వేసుకోండి. గది నుంచి టాయిలెట్ ఎన్ని అడుగులు, రాత్రి లైటు ఉందా, మెట్లు ఎన్ని అన్నది కూడా అడగాలి. మంచమా, నేల మీద పడకా? దుప్పట్లు ఇస్తారా? జనవరిలో చెరువు పక్కన తెల్లవారుజామున చలి కొరుకుతుంది. స్వెట్టర్, మఫ్లర్, మనిషికో మందపాటి దుప్పటి మీవే తెచ్చుకోండి. తాగే నీళ్లకు ఇరవై లీటర్ల క్యాను ములుగులో తీసుకోండి.

డబ్బు ముందే మాట్లాడండి. మనిషికి రోజుకింత, అందులో ఎన్ని పూటల తిండి, కోడి కోస్తే వేరేనా అన్నది తేలాలి. మొహమాటానికి "మీ ఇష్టం" అంటారు, ఆ మాట దగ్గర ఆగొద్దు. కట్టెలకు, కాగిన నీళ్లకు కూడా వాళ్లకు ఖర్చే. గది కుదరకపోతే చెరువు దగ్గర పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, వారం ముందే చూసుకోండి.

గుడికి శనివారం పొద్దున వెళ్లకండి, ఆ పూట చెరువుది. ఆదివారం తొమ్మిదింటికి వెళ్లండి. తూర్పు ముఖం గుడి కాబట్టి ఆ ఎండలో నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, బాగా కనపడతాయి. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంటుంది, అత్తమ్మ గారిని రెండు వైపులా పట్టుకుని ఎక్కించండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పిల్లలకు ఒక్క మాట చెప్పండి. గుడితో పాటే తవ్వించిన చెరువు అది, నిన్న వాళ్లు నాటిన మడికి నీళ్లు ఆ తూము నుంచే వచ్చాయి.

పచ్చిపులుసు:

చెల్లే, పులుసు నేను చెప్తాను. ముక్కలు కోయించేటప్పుడు పొట్ట లోపలి నల్లటి పొర పూర్తిగా గీకించు. నీచు, బురద వాసన సగం దాన్నుంచే, మిగతా సగం వెన్ను వెంట గడ్డకట్టిన నెత్తురు నుంచి. రాళ్ల ఉప్పు వేసి రుద్ది మూడుసార్లు కడుగు, చివరిసారి మజ్జిగతో.

కిలో ముక్కలకు అరవై, డెబ్బై గ్రాముల చింతపండు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టు. ముక్కలకు పసుపు, చెంచా ఉప్పు, చెంచా కారం పట్టించి పక్కన పెట్టు. రెండు ఉల్లిగడ్డలు పొయ్యి నిప్పుల్లో పొట్టుతోనే కాల్చి, రెండు చెంచాల ఎండు కొబ్బరి పొడి, పది ఎల్లిపాయ రెబ్బలతో కలిపి నూరు. వెడల్పు గిన్నెలో నాలుగు గరిటెల నూనె, పావు చెంచా మెంతులు, నాలుగు పచ్చిమిర్చి, కరివేపాకు. నూరిన ముద్ద నూనె వదిలేదాకా వేయించి, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, చింతపులుసు పోసి మొత్తం మూడు గ్లాసుల నీళ్లు చేయి. ఉప్పు చూసుకో.

ఇక్కడే అందరూ తొందరపడతారు. పులుసు పది నిమిషాలు బాగా మరగాలి, పచ్చి చింతపండు వాసన పోవాలి. ఆ తర్వాతే ముక్కలు. ముందే వేస్తే పులుసు ఉడికేలోపు చేప చితికిపోతుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకు, గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. కట్టెల పొయ్యికి మంట తగ్గించడమంటే కట్టెలు వెనక్కి లాగడమే. ముక్కలు వేయగానే రెండు కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లకుండా బూడిదలో పెట్టు, మళ్లీ కావాలంటే వెంటనే అంటుకుంటాయి. దించేముందు కొత్తిమీర.

దించి కనీసం గంట ఆగండి, ముక్కకు పులుపు పట్టాలి. శనివారం రాత్రి వండి సగం ఆదివారం పొద్దున జొన్నరొట్టెతో తింటే ఇంకా బాగుంటుంది. రవ్వ, బొచ్చెకు సన్న ముల్లు ఉంటుంది, పాపకు పొట్ట ముక్క నువ్వే విడదీసి పెట్టు. తోక వైపు ముక్కలు పెద్దవాళ్లకు.

ఇద్దరు పిల్లల అమ్మ:

అక్కా, రాసిపెట్టుకున్నాను. మరి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే ట్రాఫిక్ తక్కువ ఉంటుందా?

నారుమడి:

వద్దు. జనవరిలో చీకటి పడ్డాక ములుగు దాకా వెనక లైటు లేని ట్రాక్టర్లు, పొలం నుంచి తిరిగొచ్చే పశువులు రోడ్డు మీదే ఉంటాయి. పొద్దుపోయిన కొద్దీ మంచు దిగుతుంది. మధ్యాహ్నం రెండింటికి అన్నం తిని కదలండి, చీకటి పడేలోగా జనగామ దాటేస్తారు. టార్చిలు రెండు తెచ్చుకోండి, ఒకటి అత్తమ్మ గారి దిండు కింద, ఒకటి పొద్దున కట్ట మీదికి.