పాప స్కూలుకి, నెలకోసారి ఊరికి: డీజిల్ తీసుకోవాలా, పెట్రోల్ తీసుకోవాలా?

మియాపూర్‌వాసి
అందరికీ నమస్తే. చిన్న ఎస్‌యూవీ ఒకటి చూశాం. ఒకే మోడల్‌లో రెండు ఇంజిన్లూ ఉన్నాయి. డీజిల్ ఆన్‌రోడ్ ధర లక్షన్నర ఎక్కువ. ఆఫీసుకి నేను మెట్రోలో వెళ్తాను. కారు పాప స్కూలుకి, కూరగాయలకి, అత్తగారింటికి తిరుగుతుంది. నెలకోసారి నూజివీడు వెళ్ళొస్తాం, రానూపోనూ 600 పైనే. అంతా కలిపి నెలకు 950 కిలోమీటర్లు అనుకోండి. నాన్న ఏళ్ళ తరబడి డీజిల్ జీపు నడిపిన మనిషి. "పెట్రోల్ బండి కొంటే బంకువాడికి ఆస్తి రాసిచ్చినట్టే" అంటున్నారు. షోరూమ్‌వాళ్ళు ఏది అడిగితే అదే మంచిదంటున్నారు. పెద్ద మొత్తం కదా, టెన్షన్‌గా ఉంది.

లెక్కలపద్దు
మీ నాన్నగారి మాట ఒకప్పుడు నూటికి నూరుపాళ్ళు నిజం. 2012లో పెట్రోల్‌కీ డీజిల్‌కీ లీటరుకు 30 రూపాయల తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ మీద ధరల నియంత్రణ ఎత్తేశారు. 2025లో చూస్తే హైదరాబాద్‌లో పెట్రోల్ 107 పైన, డీజిల్ 95 పైన. అంటే తేడా 12 రూపాయలే.

పెట్రోల్ 14, డీజిల్ 18 మైలేజ్ ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు 7.70, 5.30 పడుతుంది. మిగిలేది 2.40. ముందు కట్టిన లక్షన్నర తిరిగి రావాలంటే 62,500 కిలోమీటర్లు తిరగాలి. మీ వాడకానికి ఐదున్నరేళ్ళు. ఆ లక్షన్నర మీద లోన్ వడ్డీ ఇందులో కలపలేదు.

అనంతపురం డీజిల్
అన్నా, కారంటే కాలిక్యులేటర్ ఒక్కటే కాదు. నాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 2 లక్షల 10 వేలు తిరిగింది. వారం వారం బెంగళూరు వెళ్ళొస్తాను, ఇప్పటికీ 22 ఇస్తోంది. క్లచ్ ఒకసారి మార్చాను, ఇంజెక్టర్లు ముట్టుకోలేదు. ఇక లాగుడు సంగతి చూడండి. 1.5 లీటర్ల టర్బో డీజిల్‌కి టార్క్ 250 ఎన్‌ఎం ఉంటే, అదే సైజు మామూలు పెట్రోల్‌కి 140 చిల్లర. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, లగేజీ పెట్టుకుని లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, మైలేజ్ కొంత పడిపోతుంది. నెలకోసారి 600 హైవే ఉన్నవాడు కళ్ళు మూసుకుని డీజిల్ తీసుకోవచ్చు.

కూకట్‌పల్లి నుంచి
దయచేసి కళ్ళు మూసుకోకండి. నేను అలాగే కొన్నాను, 2021లో, బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్. ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు హైటెక్ సిటీ. ఏడు కిలోమీటర్లకు ముప్పావుగంట.

కొన్న మూడో నెలలో డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలిగింది. అంటే సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ నిండిందని. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. ఇంజిన్ అదనంగా డీజిల్ పోసి వేడెక్కిస్తుంది, కానీ బండి ఆగకుండా అరవై పైన ఇరవై నిమిషాలైనా నడవాలి. మా దారిలో ఇరవై నిమిషాల్లో ఆరు సిగ్నళ్ళు. శుద్ధి మొదలవుతుంది, నేను ఇంటికొచ్చి బండి ఆపేస్తాను, సగంలో ఆగుతుంది. రేపు మళ్ళీ మొదలు.

ఒక ఆదివారం బానెట్ తీసి డిప్ స్టిక్ లాగి చూశాను. ఆయిల్ తగ్గి ఉంటుందనుకుంటే, పై గీత దాటి వేలెడు పైకి ఉంది. గుడ్డతో తుడిస్తే పల్చగా జారింది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. కాలని డీజిల్ దిగి ఆయిల్‌లో కలిసిందన్నమాట. చేతిలో డిప్ స్టిక్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను, బండికి ఇంకా పది వేలు కూడా నిండలేదు. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి బలవంతంగా శుద్ధి చేసి, ఆయిల్ మార్చి పంపారు. ఫిల్టరే పోతే ఎంతవుతుందని అడిగితే లక్ష పైమాట అన్నారు.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వారం వారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డెక్కి, నాలుగో గేరులో పటాన్‌చెరు నుంచి శంషాబాద్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. ఎక్కడికీ పనిలేదు, మసి కాల్చడానికే. టోల్ నాది, డీజిల్ నాది, పిల్లలతో గడపాల్సిన ఆదివారం పొద్దు కూడా నాదే. చివరికి అమ్మేశాను.

అనంతపురం డీజిల్
అయ్యో, మీ బాధ అర్థమైంది. కానీ ఆయన నెలకోసారి నూజివీడు వెళ్తారుగా? పంతంగి టోల్ దాటితే చాలు, మసి అంతా కాలిపోతుంది.

కూకట్‌పల్లి నుంచి
నాకు లైటు రెండు వారాలకే వెలిగేది. మిగతా రెండు వారాలు ఏం చేయాలి?

ఆటోనగర్ షెడ్డు
విజయవాడలో ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అనంతపురం గారూ, మీ బండి బీఎస్6 కంటే ముందుది. అలాంటి చిన్న డీజిళ్ళలో ఈ ఫిల్టరే లేదు, అందుకే మీకు ఆ బాధ తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక కథ మారింది. చిన్న డీజిల్ ఇంజిన్లను బీఎస్6కి మార్చే ఖర్చు గిట్టదనే మారుతి అప్పుడు డీజిల్ మానేసింది.

డీజిల్ చెడ్డదని నేననను. మా దగ్గరికి వచ్చే ట్రావెల్స్ బళ్ళు మూడు లక్షలు దాటినా బంగారంలా ఉంటాయి. అవి పొద్దున స్టార్ట్ అయితే రాత్రికి గానీ ఆగవు. షెడ్డుకి ఏడుస్తూ వచ్చేవన్నీ స్కూలుకీ సంతకీ తిరిగిన డీజిళ్ళే. అందుకే నెలకెన్ని కిలోమీటర్లని నేను అడగను, ఒకసారి స్టార్ట్ చేస్తే ఎంతసేపు నడుస్తుందని అడుగుతాను.

తీసుకున్నవాళ్ళు మాత్రం డీజిల్ ఫిల్టర్ సమయానికి మార్చండి. నీళ్ళు చేరితే ఇంజెక్టర్లు పోతాయి, నాలుగూ మార్చాలంటే చేతి చమురు బాగా వదులుతుంది. డీపీఎఫ్ ఉన్న బండికి కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయండి, చవక ఆయిల్ బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది. హైవే మీద తోలి ఆగగానే కీ తిప్పేయకండి, టర్బో చల్లబడటానికి ఒక నిమిషం ఇవ్వండి. బంకులో పొరపాటున డీజిల్ బండికి పెట్రోల్ కొడితే స్టార్ట్ చేయకుండా ట్యాంక్ ఖాళీ చేయించండి. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్లు రెండూ పోతాయి.

గురుగ్రామ్ తెలుగు
సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళకు ఒక మాట. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ భయంతో నా డీజిల్ సెడాన్ తొమ్మిదో ఏట అయినకాడికి అమ్మేశాను. అలాంటివి దక్షిణాదికి వస్తుంటాయి. ఎన్‌ఓసీ (పాత రాష్ట్రం ఆర్టీవో ఇచ్చే అనుమతి పత్రం), మన రాష్ట్రంలో మళ్ళీ కట్టే లైఫ్ ట్యాక్స్ లెక్క చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

మియాపూర్‌వాసి
షెడ్డు అన్న అడిగిన ప్రశ్న పట్టుకుని, ఇప్పుడున్న పాత కారులో మూడు వారాలు ప్రతి ట్రిప్పూ రాసుకున్నాను. మొత్తం 41 సార్లు స్టార్ట్ చేశాం. వాటిలో 38 సార్లు పావుగంట లోపే ఆపేశాం. కాగితం నాన్న ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "జీపు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తోలేవాణ్ణిరా, ఇది వేరే" అన్నారు. పెట్రోల్ బుక్ చేశాం. మిగిలిన లక్షన్నర లోన్‌లో తగ్గించుకున్నాను. అందరికీ థాంక్స్.

అనంతపురం డీజిల్
మంచిది అన్నా. నూజివీడు దారిలో సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక గేరు కిందకి దించండి, పెట్రోల్ కూడా బాగానే లాగుతుంది. నాకు బెంగళూరు ట్రిప్పులు ఉన్నన్నాళ్ళూ డీజిలే.