మ్యాపు అంకెలకు ‘ఖచ్చితత్వం’ ఒక్క మాట సరిపోతదా?

నల్లగొండ సభ్యురాలి ప్రశ్న:
జిల్లాలోని పాత గుళ్లు, కోనేర్ల పట్టిక తెలుగులో చేస్తున్నం. ప్రతిదానికీ అక్షాంశ రేఖాంశాలున్నయి. ఇంగ్లీషు పట్టికలో ప్రెసిషన్, అక్యురసీ అని రెండు గడులు. తెలుగులోకి వచ్చేసరికి రెండింటికీ ‘ఖచ్చితత్వం’ అనే పడింది. ఒక గడి తీసేయొచ్చా?

మహబూబ్‌నగర్ సభ్యుడు:
తీసేయకండి మేడం. అంకె ఎంత సన్నగా ఉందో చెప్పేది ప్రెసిషన్. ఆ అంకె చూపే చోటు నేలమీది అసలు చోటుకు ఎంత దగ్గరో చెప్పేది అక్యురసీ. దశాంశాలు పెంచితే మొదటిది పెరుగుతది, రెండోది పెరగదు.

మన దిక్కు 0.001 డిగ్రీ అంటే అక్షాంశంలో సుమారు 111 మీటర్లు, రేఖాంశంలో 106. అంటే మూడు దశాంశాల అంకె నేలమీద చూపే గడి (చదరం) మూడెకరాలకు కొంచెం తక్కువ. మా మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు పరుచుకున్నది ఇంచుమించు అంతే, కాబట్టి ఆ చెట్టుకు మూడు దశాంశాలు చాలు. నాలుగు దశాంశాల గడి గుంట కంటె కాస్త పెద్దది. పొడవులో చూస్తే అయిదో దశాంశం మీటరు, ఆరోది 11 సెంటీమీటర్లు, ఏడోది సెంటీమీటరు. మన భూఫలకమే ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతుంటే, గుడి పట్టికలో ఏడో అంకెకు అర్థమే లేదు. గుడికి 5, కోనేటికి 4 పెట్టండి.

ఇగ ఫోను సంగతి. ఆకాశం బాగా కనబడే చోట మంచి ఫోను జీపీఎస్‌కు 5 మీటర్ల దాకా తేడా మామూలే. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా ఎక్కువ. అయినా తెరమీద ఆరేడు దశాంశాలు చూపిస్తది. ఆండ్రాయిడ్ చెప్పే అక్యురసీ మీటర్లు కూడా హామీ కాదు: అసలు చోటు అన్ని మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో ఉండే అవకాశం 68 శాతమే.

మిర్యాలగూడ సభ్యుడు:
అన్న చెప్పింది ఫోను తేడా. కుర్చీలో కూర్చుని శాటిలైట్ బొమ్మమీద పిన్ను గుచ్చితే వచ్చే తేడా వేరు. బొమ్మే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. అప్పుడు పది మంది గుచ్చినా పిన్నులన్నీ ఒక్కచోటే పడతయి, అన్నీ కలిసే తప్పయితయి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఏండ్ల బొమ్మలు మార్చి చూడండి, అదే బావి గట్టు అటూ ఇటూ జరగడం కనబడుతది. గోపురం శిఖరం మీద గుచ్చొద్దు. బొమ్మ ఏటవాలుగా తీసింది కాబట్టి శిఖరం పక్కకు వాలి ఉంటది. నేలకు ఆనిన మూల పట్టుకోండి.

గూగుల్ మ్యాప్స్ లింకులో ‘ఎట్’ (@) గుర్తు తర్వాతి అంకెలు తెర నడిమధ్యవి, పిన్నువి కావు. పిన్నుమీద రైట్ క్లిక్ చేసి తీసుకోండి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ డిగ్రీలు, నిమిషాల దగ్గర. 17 డిగ్రీల 3 నిమిషాల 30 సెకన్లను 17.0330 అని రాస్తే 2.8 కిలోమీటర్లు దక్షిణానికి పోతరు. 3 నిమిషాలను 60తో, 30 సెకన్లను 3600తో భాగించి కలిపితే 17.0583. వరుస కూడా చూడండి. గూగుల్‌లో అక్షాంశం ముందు, గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ అనే మ్యాపు ఫైలులో రేఖాంశం ముందు. తారుమారైతే నల్లగొండ గుడి నార్వే వాళ్ల స్వాల్బార్డ్ మంచుదీవుల్లో తేలుతది. పాత టోపోషీట్ల (సర్వే పటాల) అంకెలైతే భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్కవి, ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కకు మార్చకుంటే వంద మీటర్ల స్థాయిలో తప్పుతది.

నల్లగొండ సభ్యురాలు:
మరి గడులకు పేర్లేం పెట్టాలె? సూక్ష్మత, యథార్థత అంటే?

మహబూబ్‌నగర్ సభ్యుడు:
వ్యాసంలో బాగుంటయి మేడం. పట్టికలో ‘యథార్థత’ అని చూస్తే నింపేవాళ్లు ‘అవును’ అని రాస్తరు. మాటల్లో ‘అంకె సన్నగుంది గని సరిగ్గలేదు’ అంటే మన దగ్గర ఎవరికైనా తెలుస్తది. గడికి మాత్రం కొలిచేదాని పేరే పెట్టండి: ఒకదానికి ‘దశాంశాలెన్ని’, ఇంకోదానికి ‘ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చు’. పక్కన ‘ఎట్ల తీసిండ్రు’ అని మూడో గడి ఉంచి ఫోను, బొమ్మ, టోపోషీటు అని నింపించండి. అది లేకుంటే మీటర్ల అంకెను ఎవరూ సరిచూడలేరు.

ఎక్సెల్‌లో అక్షాంశ రేఖాంశాల నిలువు వరుసలను టెక్స్ట్‌గా మార్చినంకనే టైపు చెయ్యండి. లేకుంటే 17.0570 కాస్తా 17.057 అయితది, నాలుగో దశాంశం దాకా కొలిచిన సంగతి పోతది. రెండు దశాంశాలే కనబడేటట్టు పెట్టిన వరుసను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) దాస్తే కనబడేదే మిగులుతది, గుడి కిలోమీటరు గడిలో కలిసిపోతది.