వేమన పద్యంలో ‘వేరు’ సరైనదా, ‘వేఱు’ సరైనదా?

ప్రశ్న: ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అని బడిలో చదువుకున్నాం. కొన్ని పాత ప్రతుల్లో ‘జాడ వేఱు’, ‘పుణ్యపురుషులు వేఱయా’ అని ఉంటుందంటారు. ఏది సరైనది? పాత పుస్తకాల్లో ఎలా ఉందో ఒక్కొక్కటీ తిరగేయకుండా చూసే దారి ఉందా?

జవాబు: అర్థాన్ని బట్టి చూస్తే బండి ఱ ఉన్న ‘వేఱు’ సరైనదండీ. చెట్టు వేరుకు మామూలు ర, భిన్నం అనే అర్థానికి ఱ. తమిళంలో ఈ తేడా ఇప్పటికీ రాతలో నిలిచే ఉంది: మూలానికి ‘వేర్’, భిన్నానికి ‘వేఱు’. మన ఉచ్చారణలో రెండూ కలిసిపోయాయి కాబట్టి నేటి ప్రతుల్లో ‘వేరు’ అని అచ్చువేయడాన్ని నేను తప్పు పట్టను. కానీ పాత పద్యాన్ని అచ్చువేసేటప్పుడు ఱ ఉంచాలనే నా అభిప్రాయం. ప్రాసలో ర, ఱ కలపకూడదని లాక్షణికులు (ఛందస్సు నియమాలు రాసినవారు) పట్టుబట్టారు. ఆ అక్షరాన్ని తీసేస్తే కవి పాటించిన నియమం చదివేవాడికి కనబడకుండా పోతుంది.

ఇక వెతకడం. పాత పుస్తకాల స్కాన్లనూ వాటిని చూసి టైపు చేసిన పాఠాన్నీ ఉంచే తెలుగు వికీసోర్స్‌కు ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా సమాచారం అడిగే దారి, ఉంది; చదవడానికి లాగిన్ అక్కర్లేదు. నేరుగా అడిగితే పది ఫలితాలిచ్చి, మిగతావాటికి కొనసాగింపు గుర్తు చేతిలో పెడుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ పంపే చాకిరీ మనకెందుకు? ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో ఎండబ్ల్యూక్లయింట్ (mwclient) అనే చిన్న లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడ్, ఉంది. సైటు పేరు ఇచ్చి సెర్చ్ ఫంక్షన్‌ను ఒక ఫర్ లూప్‌లో పెడితే చాలు, కొనసాగింపు అదే చూసుకుంటుంది. సర్వర్ మీద భారం ఎక్కువగా ఉంటే కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది కూడా.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఏమీ చెప్పకపోతే అది మొదటి పేరుబరిలోనే (సైటులో పుటలను విడదీసిన విభాగాన్ని పేరుబరి అంటారు) వెతుకుతుంది. స్కాన్ పక్కన టైపు చేసిన పాఠం ‘పుట’ పేరుబరిలో ఉంటుంది, దాని సంఖ్య 104. అది ఇవ్వాలి. రెండోది, సెర్చ్ తెచ్చినదాన్ని అలాగే లెక్కపెట్టకండి. ప్రతి పుట పాఠాన్ని టెక్స్ట్ ఫంక్షన్‌తో తెప్పించుకుని, అందులో అక్షరాలను మీ ప్రోగ్రామే పోల్చాలి. యూనికోడ్‌లో ర, ఱ పక్కపక్కనే ఉన్నా వేర్వేరు అక్షరాలు, కాబట్టి ఈ పోలిక కచ్చితంగా ఉంటుంది.

మళ్లీ ప్రశ్న: ‘వేఱయా’, ‘వేఱొక’ లాంటి సంధి రూపాలన్నీ విడివిడిగా ఇవ్వాలా?

జవాబు: పాఠాన్ని పోల్చే దగ్గర అవసరం లేదండీ. కంప్యూటర్‌కు ఱ తర్వాత వచ్చే గుణింతం గుర్తు వేరే సంకేతం, అందుకని ‘వేఱ’ అని ఇస్తే అన్నీ దొరుకుతాయి. ‘వేర’ అని ఇచ్చినప్పుడే చిక్కు, ‘కావేరి’ కూడా వచ్చి పడుతుంది. ముందు ఖాళీ గానీ వరుస మొదలు గానీ ఉండాలన్న షరతు పెట్టండి. అయితే సంధిలో ముందు పదంతో అతుక్కున్నవి అప్పుడు తప్పిపోతాయి, వాటిని కంటితోనే ఏరుకోవాలి.

దొరికిన ప్రతిదానికీ స్కాన్ బొమ్మ చూడండి. టైపు చేసినవారు అలవాటు కొద్దీ ఱ బదులు ర కొట్టి ఉండవచ్చు. వికీసోర్స్‌లో పసుపు పుట ఒకరు దిద్దినది, ఆకుపచ్చ పుటను ఇంకొకరు కూడా సరిచూశారు. నేనైతే ఆకుపచ్చ పుటలనే సాక్ష్యంగా తీసుకుంటాను.

ఇంకొక మాట. యూజర్ ఏజెంట్ (ప్రతి అభ్యర్థనతో పాటు వెళ్లే పరిచయ వాక్యం) అనే చోట మీ ప్రోగ్రామ్ పేరు, మిమ్మల్ని సంప్రదించే దారి రాయండి. వికీమీడియా నియమం అది, రాయకపోతే మీ అభ్యర్థనలు ఆగిపోవచ్చు. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల స్కాన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పద్యం ఉన్న పుట ఇక్కడ పెట్టండి, ఆయన ఏ ర వేయించారో చూద్దాం.