అప్‌డేట్: తెల్ల పూలకి తెల్ల పూలే కలిపితే మచ్చలెలా వచ్చాయో తేలింది

పోయినసారి నేను అడిగింది ఇదీ: టానిన్ (గింజ తొక్కలో ఉండే వగరు పదార్థం) లేని రెండు తెల్లపూల ఫాబా బీన్ లైన్లను (తరతరాలకీ ఒకేలా ఉండే రకాలను) (ఉత్తరాదిన బాకలా అంటారే, అదే) క్రాస్ చేస్తే, ఎఫ్1 (క్రాస్ తర్వాత మొదటి తరం) మొక్కలన్నిటికీ రెక్కల మీద నల్ల మచ్చ ఉన్న పూలు వచ్చాయి. నేనేమో తుమ్మెద బయటి పుప్పొడి తెచ్చి పోసిందనుకున్నాను. మా గైడ్ లేబుళ్లు తారుమారు చేశావన్నారు.

"రెండిట్లో చెడిన జీన్ వేరు అయ్యుంటుంది, ఎఫ్2 లెక్కపెట్టు" అన్నవాళ్లదే కరెక్ట్ (ఎఫ్2 అంటే ఎఫ్1 తనకు తానే కట్టిన గింజల మొక్కలు). ఒకదాంట్లో చెడింది జెడ్‌టీ1 జీన్, రెండోదాంట్లో జెడ్‌టీ2. రెండూ రిసెసివే, అంటే జీన్ రెండు కాపీలూ చెడితేనే లోటు బయటపడుతుంది. రంగు జీన్లను ఆన్ చేసే ప్రోటీన్ల జట్టులో ఈ రెండు జీన్ల ప్రోటీన్లూ ఉండాలి, ఏ ఒక్కటి లేకపోయినా పువ్వు తెలుపే. ఎఫ్1లో ఒకరి లోటు ఇంకొకరు తీర్చేశారు.

తుమ్మెదలు రాకుండా కట్టిన వల కింద 112 ఎఫ్2 మొక్కలు పూశాయి. మచ్చలున్నవి 66, తెల్లవి 46. రెండు జీన్లూ పనిచేసే మొక్కలు పదహారింట 9, మిగతా 7 తెల్లవి అనే 9:7 లెక్క ప్రకారం 63, 49 రావాలి. కై-స్క్వేర్ (రావాల్సిన లెక్కకీ వచ్చినదానికీ తేడా ఎంతో చెప్పే కొలత) 0.33 వచ్చింది, 3.84 దాటితే కదా టెన్షన్!

తమాషా ఏంటంటే, వల కింద పేరెంట్ లైన్లకి పువ్వు పువ్వునీ వేలితో నొక్కితేగానీ కాయ పట్టలేదు. ఎఫ్1 మాత్రం తుమ్మెద లేకుండానే విరగకాసింది. హైబ్రిడ్ బలం (క్రాస్ మొక్క పేరెంట్లని మించిపోవడం) ఇందులోనూ ఉంటుందట.

ఇంకా మిగిలిన పని: 46 తెల్లవాటిలో రెండు జీన్లూ చెడినవి ఏవో పట్టుకోవాలి. ఏడింట ఒకటి ఉండాలి. ఇద్దరు పేరెంట్లతోనూ క్రాస్ చేస్తున్నా, రెండు వైపులా తెల్ల పూలే ఇచ్చినవి అవే.