జయపురంలో రెండో కారుగా 2012 నాటి వ్యాగన్‌ఆర్ తీసుకోవచ్చునా?

ప్రశ్న (ఒడిశాలోని జయపురం నుంచి)

నమస్కారం. నేను నవరంగపూర్‌లో ఉద్యోగం చేస్తూ రోజూ జయపురం నుంచి కారులో వెళ్లివస్తుంటాను. నా భార్యకు ఈమధ్య కోరాపుట్‌లోని పాఠశాలకు బదిలీ అయింది. బస్సు వేళలు బడి వేళలతో కుదరడం లేదు. వానల్లో స్కూటీ మీద ఘాటీ (కొండదారి) ఎక్కి దిగడం ప్రమాదమని నాకే భయంగా ఉంది. విశాఖపట్నంలో మా మేనమామకు తెలిసినవారు 2012 జూలైలో రిజిస్టరైన పెట్రోలు వ్యాగన్‌ఆర్‌ను అమ్ముతున్నారు. ఏపీ 31 నంబరు, ఒకే యజమాని, మీటరులో 68 వేల కిలోమీటర్లు, ధర 1,80,000 రూపాయలు. ఇక్కడి ఓడీ 10 నంబరుతో దొరికే అటువంటి బండ్లకు మరో ముప్పై వేలు ఎక్కువ అడుగుతున్నారు. ఆ ముప్పై వేలు మిగుల్చుకోవడం తెలివైన పనేనా?

సమాధానం (పర్లాకిమిడి నుంచి)

అయ్యా, ఆ ముప్పై వేలు మీకు మిగలవనే నా అభిప్రాయం. వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒడిశా నంబరు తీసుకోవాలి. అందుకు విశాఖ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఇక్కడ మళ్లీ రోడ్డు టాక్సు, ఇవన్నీ అవసరమవుతాయి. ఆంధ్రలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు చేయవచ్చు గాని, పదమూడేళ్లు దాటిన బండికి తిరిగి వచ్చేది స్వల్పమే.

అంతకంటె ముఖ్యమైనది ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది కనుక, మీరు చెప్పిన బండికి అది 2027 జూలైతో ముగుస్తుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అంటే నంబరు మార్పు, పొడిగింపు ఒకదాని వెంట ఒకటి మీ నెత్తిన పడతాయి.

నేను నది అవతల పాతపట్నంలో ఒక బండి కొన్నప్పుడు, యజమాని అప్పు తీర్చివేసినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరు తీసేయించే ఫారం 35 కోసం ఆ ఫైనాన్స్ సంస్థ చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. కాబట్టి డబ్బు ఇవ్వకముందే కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో ఆ వివరాలూ, బీమా గడువూ, చలానాలూ చూసుకోండి. బీమాను కూడా పద్నాలుగు రోజులలోగా మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు బీమాలో ఇచ్చే రాయితీ) ఆయనదే, బండితో పాటు మీకు రాదు.

సమాధానం (రాయగడ నుంచి, వర్క్‌షాపు నడుపుతున్నాను)

కాగితాల మాట పెద్దవారు చెప్పారు, నేను ఇనుము మాట చెబుతాను. ఆ కాలపు వ్యాగన్‌ఆర్‌లోని 998 సీసీ ఇంజను మంచిది. టైమింగ్‌కు బెల్టు కాక చైను ఉండటం వల్ల బెల్టు తెగే భయం లేదు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. నా అనుమానమంతా సముద్రపు గాలి మీద. విశాఖ బండి పైకి అద్దంలా మెరుస్తున్నా, కింద ఛాసిస్ అంచులు, తలుపుల అడుగు, స్టెప్నీ పెట్టే గుంత తుప్పు పట్టి ఉండవచ్చు. జాకీ మీద ఎత్తించి టార్చిలైటుతో చూడకుండా బయానా ఇవ్వకండి. ఇంజను ఒకసారి రిపేరు చేస్తే సరిపోతుంది, తుప్పు మాత్రం ప్రతి సంవత్సరం పని చెబుతుంది.

క్లచ్చి తెలియాలంటే ఎత్తు మీద మూడో గేరులో యాక్సిలేటర్ నొక్కండి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అరిగినట్టే. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే మీ ఎదుట స్టార్టు చేయించండి, నీలి పొగ వస్తే ఇంజను ఆయిల్ తింటున్నది. టైరు గోడ మీది చివరి నాలుగు అంకెలు చూడండి: 1219 అంటే 2019లో పన్నెండో వారం తయారీ. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటున్నది; 2012 బండిని దానికోసం తయారు చేయలేదు, కనుక ఫ్యూయెల్ పైపులు, రబ్బరు సీళ్లు ముందుగానే మార్పించడం మేలు. మీటరు మాట నమ్మకండి, సర్వీసు బిల్లులు అడగండి.

సమాధానం (బరంపురం నుంచి)

ఒక్క సంగతి అడుగుతాను. పాత బండిని మీ శ్రీమతిగారికే ఎందుకు ఇవ్వాలి? ఆనాటి కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉండేవి కావు. ఏబీఎస్ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. ఘాటీ దిగేటప్పుడు కావలసినవి అవే. ఇప్పుడున్న కారు ఆమెకు ఇచ్చి, నవరంగపూర్ దారి ఎక్కువగా చదునే కనుక పాతది మీరు నడపండి.

ప్రశ్న అడిగినవారు

బరంపురం వారి మాట ఇంట్లో చదివి వినిపించాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు, నేనే కాస్త మొహమాటపడ్డాను. విశాఖ బండి వద్దని మేనమామకు చెప్పేశాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు, అది వేరే సంగతి. జయపురంలోనే ఓడీ 10 నంబరుతో 2015 నాటిది ఒకటి చూశాము, ఆర్‌సీ 2030 వరకు ఉంది, ధర 2,20,000. ఆదివారం దానిని జాకీ మీద ఎత్తించడానికి ఒక మెకానిక్‌ను మాట్లాడుకున్నాను. రాయగడవారు ఇంకేమైనా చూడమంటే అప్పటిలోగా రాయగలరు.