1601 నాటి ‘రెండవ రిచర్డ్’ ప్రదర్శన: ఎలిజబెత్ ప్రభుత్వం జడిసింది నాటకానికా, చూసినవారికా?

రంగస్థలి:
1601 ఫిబ్రవరి 7న, ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ ఆదరణ కోల్పోయిన ఎసెక్స్ ప్రభువు అనుచరులు మామూలు రాబడికి పైన 40 షిల్లింగులు ఇస్తామని చెప్పి, లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో, పూర్వపు ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ పదవీచ్యుతిని, హత్యను చూపే నాటకాన్ని ఆడించుకున్నారు. అది షేక్‌స్పియర్‌దేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మరునాడే ఎసెక్స్ లండన్ వీధుల్లో తిరుగుబాటుకు దిగాడు. నగర ప్రజలు కదలకపోవడంతో అది ఆ పూటకే చప్పబడిపోయింది. రాజును దించవచ్చునని ఊహింపజేసే శక్తి రంగస్థలానికి ఉందని, పాలకులు జడిసింది దానికేనని నా వాదన. ఎలిజబెత్ బతికి ఉండగా అచ్చయిన ప్రతుల్లో రాజు కిరీటాన్ని అప్పగించే సన్నివేశం లేదు. 1608లో గాని అది అచ్చుకెక్కలేదు.

పాతపుస్తకం:
రంగస్థలి గారూ, ఆ సన్నివేశం అచ్చులో లేకపోవడానికి సెన్సారే కారణమని తేల్చి చెప్పలేం. ఆ సన్నివేశాన్ని తర్వాత రాసి చేర్చారనే వాదన కూడా ఉంది. నాటకానికే అంత జడిసి ఉంటే నటులను ఊరికే వదిలిపెట్టేవారా? నాటకం పాతబడింది, జనం రారు అని తాము వెనకాడితే అదనపు సొమ్ము ఆశ చూపారని బృందం తరఫున ఆగస్టీన్ ఫిలిప్స్ వాంగ్మూలమిచ్చాడు. అంతటితో సరి. ఎసెక్స్ తల నరకడానికి ముందురోజు, ఫిబ్రవరి 24న, అదే బృందం రాణిగారి ఎదుట ప్రదర్శన కూడా ఇచ్చింది. రిచర్డ్‌ను దించి రాజైన నాలుగవ హెన్రీ చరిత్ర రాసి 1599లో ఎసెక్స్‌కు అంకితమిచ్చిన జాన్ హేవర్డ్ మాత్రం టవర్ చెరసాల పాలయ్యాడు. అందులో రాజద్రోహం ఉందా అని రాణి అడిగితే, ద్రోహం లేదు గాని దొంగతనం బోలెడుంది, వాక్యాలు రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నుంచి ఎత్తుకొచ్చినవని రాణి కొలువులోని న్యాయవాది ఫ్రాన్సిస్ బేకన్ చమత్కరించాడట. చెప్పుకున్నది బేకనే కనుక కొంత తగ్గించి నమ్మాలి.

న్యాయశాస్త్ర పాఠకుడు:
మీరిద్దరూ రచనల దగ్గరే ఆగిపోయారు. 1351 నాటి రాజద్రోహ చట్టం కింద రాజు మరణాన్ని మనసులో తలపోయడమే నేరం, కాకపోతే ఆ తలపును బయటపెట్టే చేష్ట ఒకటి రుజువు కావాలి. ఎసెక్స్ అనుచరుడు గెల్లీ మెరిక్ విచారణలో నాటకం ప్రస్తావనకు వచ్చింది అందుకే. తన ప్రభువు త్వరలో రాజ్యంలో జరిపించబోయే విషాదాన్ని ముందుగా రంగస్థలం మీద కళ్లారా చూడాలని అతను తహతహలాడాడని బేకన్ 1601లో ప్రభుత్వం పక్షాన రాసిన ప్రకటనలో ఆరోపించాడు. నాటకం ఆడినవారు ఇంటికి వెళ్లారు. ఆడించుకుని చూసినవాడిని, తిరుగుబాటులో తక్కిన పాత్రతో కలిపి, లండన్ వధ్యస్థలమైన టైబర్న్‌లో చంపారు.

రంగస్థలి:
మరి 1651లో ‘లెవియాథన్’ అనే రాజనీతి గ్రంథం రాసిన తత్వవేత్త హాబ్స్ సంగతేమిటి? గ్రీకు, రోమన్ గ్రంథాలు చదవడం తిరుగుబాట్లకు ఒక కారణమని, తగిన గురువుల దిద్దుబాటు లేకుండా వాటిని బహిరంగంగా చదవనివ్వకూడదని అన్నాడు కదా!

న్యాయశాస్త్ర పాఠకుడు:
అన్నాడు, కానీ చెడిపోయేది ఎవరో కూడా చెప్పాడు: యువకులు, గట్టి వివేకమనే విరుగుడు లేనివారు. హాబ్స్ స్వయంగా గ్రీకు చరిత్రకారుడు తుసిడిడీస్ రాసిన చరిత్రను ఇంగ్లీషులోకి అనువదించి 1629లో అచ్చు వేయించినవాడే.