పాత గ్రీకు నాణేన్ని లాకెట్‌గా వేసుకోవడం తప్పా?

సాగరతీరం: అట్లాంటాలో ఉన్న మా చెల్లికి ఎథీనా దేవత ముఖం ఉన్న వెండి నాణెం లాకెట్ కొందామనుకుంటున్నాను. చుట్టూ బంగారు ఫ్రేమ్. క్రీ.పూ. 5వ శతాబ్దం ఏథెన్స్‌ది, అసలుదే అంటున్నాడు అమ్మేవాడు. మా బావ మాత్రం చరిత్రను నగ చేయడం దారుణం అంటున్నాడు. మీరేమంటారు?

మట్టివాసన: బావగారిదే కరెక్ట్. మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు అది.

పాతకాసు: ఎన్నని పెడతారండీ మ్యూజియంలో? తన దగ్గర్లోని లారియం గనుల వెండితో ఏథెన్స్ వీటిని విపరీతంగా ముద్రించింది. ఒక్కొక్కటి సుమారు 17 గ్రాములు. వెనకవైపు గుడ్లగూబ నిలబడి, గుండ్రటి కళ్లతో నేరుగా మనవైపే చూస్తుంటుంది. పక్కన ఆలివ్ కొమ్మ, చిన్న నెలవంక. చాలావాటి మీద ఉలితో కొట్టిన గాటు కూడా ఉంటుంది. లోపల రాగి పెట్టి మోసం చేశారేమోనని ఆనాటి వర్తకులే నరికి చూసేవారు! వాళ్లకు లేని పవిత్రత మనకెందుకు?

నగలంటారా, రోమన్లు కూడా నాణేలను బంగారు చట్రంలో బిగించి వేసుకున్నారు. ఇటలీ నగల కంపెనీ బుల్గారి 1960ల నుంచి ఇదే చేస్తోంది. అంతదాకా ఎందుకు, మన ఆంధ్రలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో దండకు గుచ్చుకోవడానికి బెజ్జాలు పెట్టినవి ఉన్నాయి. ఇక కాసులపేరు సంగతి చెప్పనే అక్కర్లేదు.

నేను ఒప్పుకోనిది ఒక్కటే, టంకం. వేడి తగిలితే పాత వెండి ఉపరితలం మారిపోతుంది, ఇక వెనక్కి రాదు. అంచు చుట్టూ పట్టుకునే ఫ్రేమ్ అయితే ఎప్పుడైనా విప్పుకోవచ్చు. అదీ మెల్లగా బిగించాలి. ఇన్నేళ్ల వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, గట్టిగా నొక్కితే పగులుతుంది.

మట్టివాసన: టంకం గురించి నాకు బాధ లేదు సార్. అది భూమిలోంచి ఎలా వచ్చిందన్నదే నా టెన్షన్. కుండతో పాటు, పక్కనున్న వస్తువులతో పాటు దొరికితే ఆ చోటు కాలం తెలుస్తుంది. మెటల్ డిటెక్టర్‌తో రాత్రికి రాత్రి తవ్వుకుపోతే మిగిలేది వెండి ముక్క. గ్రీసులో 2002 నాటి 3028 చట్టం కింద తవ్వకాల్లో బయటపడ్డ పురాతన వస్తువులు ప్రభుత్వానివి. లాకెట్ల గిరాకీ పెరిగే కొద్దీ తవ్వేవాళ్లూ పెరుగుతారు.

పాతకాసు: ఇది మాత్రం కాదనను. కానీ ఈ గుడ్లగూబలు వ్యాపారంలో ఈజిప్టు దాకా వెళ్లాయి, అక్కడా దొరుకుతున్నాయి. అన్నీ గ్రీసులో దొంగిలించినవే అనుకోకండి. సాగరతీరం గారూ, పాత వేలం రసీదు అడగండి.

సాగరతీరం: అడిగాను. "పాత కలెక్షన్ అండీ" అన్నాడు. ఎవరిది, ఏ సంవత్సరం అంటే జవాబు లేదు.

పాతకాసు: అయితే వదిలేయండి. అంచు మీద పోత అతుకు గీత కనిపించిందా? అలాంటి గీత ఉంటే అది అచ్చుతో కొట్టింది కాదు, మూసలో పోసిన నకిలీ.

సాగరతీరం: ఫొటోలో అంచు మొత్తం ఫ్రేమ్ కింద ఉంది.

మట్టివాసన: మ్యూజియం షాపుల్లో నకలు అని చెప్పే అమ్ముతారు. చెల్లికి అది కొనండి, ఎథీనా ఎక్కడికీ పోదు.